కదలాల్సింది ఎవరు?

అబ్దుల్లాపూర్‌మెట్‌లో మేం కొంతమంది ఆడవాళ్ళం ఆదివారం పూట ఒకచోట కూర్చుంటాం. పెద్ద సభేం కాదు. బట్టలు కుట్టేవాళ్ళు, టీచర్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లలు తీరికను బట్టి వస్తారు. రేషన్ కార్డు అర్జీ మొదలు విడాకుల నోటీసుకి జవాబు దాకా కాగితాలు రాసిపెట్టడం అక్కడ నా పని. సోషియాలజీలో డాక్టరేట్ చేసి ఇదేం పనని మా బంధువులు నవ్వుతుంటారు. సమాజం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆ కాగితాలు రాస్తూ నేర్చుకున్నదేనని వాళ్ళకి చెప్పడం మానేశాను.

కొన్ని నెలల కిందట ఒక అమ్మాయి వచ్చి, "మేడమ్, నాకొక మెయిల్ రాసియ్యాలె" అంది. ఉద్యోగం ఐటీ కంపెనీలో. అదే కంపెనీలో, అదే బిల్డింగులో, తన టీమ్ నుంచి రెండు అంతస్తుల కింద ఉన్న ఇంకో టీమ్‌కి మార్చమని అడగాలి. నాకు నవ్వొచ్చింది. "ఇంగ్లీషు నాకంటే నీకే బాగా వచ్చు కదమ్మా" అన్నాను. "ఇంగ్లీషు వస్తది మేడమ్. కారణమేం రాయాల్నో తెలుస్తలేదు" అంది.

ఈ సంపాదకీయం ఆ మాట గురించే. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదట ఆమె దూరం గురించి చెప్పింది. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి హయత్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్‌కి బస్సు, అక్కణ్ణుంచి మెట్రో, అమీర్‌పేటలో ఇంకో రైలు, రాయదుర్గంలో దిగి మళ్ళీ ఆటో. పోనూ రానూ నాలుగు గంటలు. కింది టీమ్‌లో పని పొద్దుటి పూట మొదలై సాయంత్రానికి అయిపోతుంది. తన టీమ్‌లో అలా కాదు. ఇది నిజమైన కారణమే. కానీ అసలు కారణం ఇది కాదని రెండో ఆదివారానికి తెలిసింది. మేనేజర్ రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోన్ చేస్తాడు. పని గురించి రెండు మాటలు, ఆ తర్వాత పని గురించి కాని మాటలు. వేసుకున్న బట్టల గురించి ఒక వ్యాఖ్య. బయట ఎక్కడైనా కలుద్దామని ఒక ప్రస్తావన. ఆమె మాట మార్చిన మర్నాడు సాయంత్రం అయిదింటికి కొత్త పని నెత్తిన పడుతుంది.

"ఫిర్యాదు చేద్దామా?" అని అడిగాను. "లొల్లి వద్దు మేడమ్. టీమ్ మారిస్తే చాలు. ఇంట్ల తెలిస్తే నౌకరే బంద్ చేపిస్తరు" అంది.

కింది టీమ్‌లో ఖాళీ ఉంది. అక్కడి మేనేజరు తీసుకుంటానన్నాడు. ఇక కావలసింది ఒక్కటే. ఇప్పటి మేనేజరు ఆమెను వదలాలి. దాన్ని వాళ్ళు 'రిలీజ్' అంటారు. రెండుసార్లు అడిగితే, ప్రాజెక్టు అయ్యేదాకా ఆగమన్నాడు. ఏడాది చివర ఆమె పనికి మార్కులు వేసేది కూడా అతనే.

ఎవరి దగ్గర్నుంచి తప్పుకోవాలనుకుంటున్నామో వాళ్ళ అనుమతే కావాల్సి రావడం మనకి కొత్తేం కాదు. పుట్టింటికి వెళ్ళాలంటే అత్తగారిని అడగాలి. అడిగితే ఎందుకని ప్రశ్న వస్తుంది. అసలు కారణం చెబితే గొడవ. చెప్పకపోతే "ఊరికే ఎందుకు?" అంటారు. అందుకే మన తల్లులు అమ్మకి ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి బస్సెక్కేవాళ్ళు. అద్దాల మేడల్లో, కంప్యూటర్ల ముందు ఈ ఆచారమే ఇంకో పేరుతో నడుస్తోంది. ఆ అమ్మాయి నన్ను రాయమన్నది కూడా నమ్మదగ్గ ఒక అబద్ధమే. ఆమె బి.టెక్. చదివింది, సొంతంగా సంపాదిస్తోంది. అయినా రెండు అంతస్తులు దిగడానికి అబద్ధం కావాల్సి వచ్చింది.

ప్రభుత్వోద్యోగంలో బదిలీ బాధలు వేరు. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో కింద కొత్త జిల్లాలకి ఉద్యోగుల్ని పంచినప్పుడు ఎందరో టీచర్ దంపతులు చెరో జిల్లాకి పడ్డారు. 2022 జనవరిలో వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని హైదరాబాదులో రోడ్డెక్కారు. ఆ అన్యాయాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ వాళ్ళ ముందు ఒక జీవో ఉంది, దానికొక నంబరుంది. సీనియారిటీ జాబితా ఉంది. దంపతుల కేటగిరీ అనే ఒక మాట ఉంది. సంఘాలున్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో వేలుపెట్టి చూపించొచ్చు. ప్రైవేటు కంపెనీలో టీమ్ మారడానికి జాబితా లేదు, గడువు లేదు, కాదంటే కారణం రాసివ్వాల్సిన పని లేదు. ఒక మనిషి ఇష్టమే అక్కడ నియమం. ఆ మనిషి వల్లే ఇబ్బంది అయినప్పుడు ఆ నియమం ఒక ఉచ్చు.

ఇక చట్టం సంగతి. రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేసిన భన్వరీదేవి బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ తర్వాత స్త్రీల సంఘాలు వేసిన కేసులో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. అందులో బదిలీ గురించి ఒక వాక్యం ఉంది. వేధింపుకి గురైనవాళ్ళు వేధించినవాణ్ణి బదిలీ చేయమని కోరవచ్చు, లేదా తమనే బదిలీ చేయమని కోరవచ్చు, ఆ ఎంపిక వాళ్ళదే అన్నది దాని సారాంశం. ఎవరు కదలాలో ఆమె చెప్పాలన్నమాట.

2013 చట్టంలో ఇది 12వ సెక్షన్‌గా వచ్చింది. విచారణ జరుగుతుండగా ఆమె రాతపూర్వకంగా కోరితే, ఆమెనో అతణ్ణో వేరే చోటికి మార్చమని కమిటీ యాజమాన్యానికి సిఫార్సు చేయవచ్చు. మూడు నెలల వరకూ సెలవిప్పించవచ్చు. ఆ సెలవు ఆమెకి మామూలుగా ఉన్న సెలవుల్లోంచి కోసేది కాదు. సిఫార్సు వచ్చాక యాజమాన్యం అమలు చేసి తీరాలి. అదే ఏడాది వచ్చిన నిబంధనల్లో ఎనిమిదోది ఇంకా ముఖ్యం. ఆమె పనితీరు మీద అతను నివేదిక రాయకుండా ఆపి, ఆ పని వేరే అధికారికి అప్పగించమని కమిటీ సిఫార్సు చేయవచ్చు. మార్కులు వేసే చెయ్యిని పక్కకి జరిపే నిబంధన ఇది. ఉద్యోగం చేసే ప్రతి ఆడపిల్లకీ ఇది తెలిసి ఉండాలి. నేను అడిగినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

కానీ ఈ రక్షణలన్నీ ఫిర్యాదు చేసిన తర్వాతే. లొల్లి వద్దనుకున్న అమ్మాయికి ఇందులో ఒక్కటీ అందదు. పైగా ఇందులో ఒక చిక్కుంది. ఆ అమ్మాయితో కూర్చుని తేదీలు లెక్కపెట్టేదాకా నాకే స్ఫురించలేదు. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. వరసగా జరిగిన సంఘటనలైతే చివరిదాని నుంచి లెక్క. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. అంతే. గుట్టుగా టీమ్ మారదామనుకున్న అమ్మాయి, ప్రాజెక్టు అయ్యేదాకా ఆగమంటే ఆగుతుంది. ఈలోగా అతను తెలివిగా ఫోన్లు మానేస్తే గడువు నడవడం మొదలవుతుంది. ఆగి ఆగి, రిలీజ్ రాదని తేలేసరికి ఫిర్యాదుకి కాలం చెల్లిపోయి ఉంటుంది. ఓపికపట్టిన మనిషికి ఓపికే నష్టం చేస్తుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఒక సంస్థ అంతర్గత కమిటీలో నేను కొంతకాలం బయటి సభ్యురాలిగా ఉన్నాను. కమిటీ ముందుకొచ్చిన వ్యవహారాల వివరాలు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. బయటపెట్టను. నేను చేసిందాని గురించి చెప్పడానికి మాత్రం అడ్డు లేదు. ఒక ఫిర్యాదు వచ్చినప్పుడు, "ఆమెను వేరే టీమ్‌కి మారిస్తే ఆమెకీ ప్రశాంతంగా ఉంటుంది కదా" అన్నారు ఒకరు. ఆ మాటలో దయ వినిపించింది. ఆమె కూడా సరే అంది. రాతపూర్వకంగా ఇచ్చింది. నేను సంతకం చేశాను. అతణ్ణి మార్చే వీలుందని ఆమెకి ఎవరైనా చెప్పారా అని నేను అడగలేదు. అతను ఆ కుర్చీలోనే ఉండిపోయాడు. కొత్త చోట ఆమె మొదటినుంచి పని నేర్చుకోవలసి వచ్చింది. ఏడాది చివర, కొత్తగా వచ్చిన మనిషనే పేరుతో తక్కువ మార్కులు పడ్డాయి. కాగితం మీద చట్టాన్ని పాటించాం. శిక్ష మాత్రం ఆమెకే వేశాం. అందులో ఒక సంతకం నాది.

ఎంపిక అనే మాట మనం చాలా ఇష్టంగా వాడతాం. ఒకే దారి చూపించి, దాని మీద నడిచినందుకు 'ఆమె ఎంచుకుంది' అనడం ఎంపిక కాదు. ఇది నాకు పాఠాల్లో తెలుసు. బల్ల ముందు కూర్చున్నప్పుడు గుర్తు రాలేదు.

బదిలీ రక్షణగా కనిపిస్తూనే ఆయుధం కూడా అవుతుంది. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు ఇండోర్ శాఖలో చీఫ్ మేనేజర్‌గా ఉన్న ఒక మహిళా అధికారి అక్కడి అవకతవకల గురించి పైకి రాసింది. పై అధికారి మీద లైంగిక వేధింపుల ఆరోపణా చేసింది. 2017 డిసెంబరులో ఆమెని జబల్‌పూర్ జిల్లాలోని ఒక చిన్న శాఖకి పంపించారు. ఆమె హోదాకి ఎంతో కిందిస్థాయి అధికారి ఉండదగ్గ చోటది. బదిలీ ఉద్యోగంలో భాగమేనని, కోర్టులు అందులో తేలిగ్గా జోక్యం చేసుకోవని మనం ఎన్నో తీర్పుల్లో చూశాం. అయినా ఈ కేసులో 2020 ఫిబ్రవరి 25న సుప్రీంకోర్టు ఇది కక్ష సాధింపేనని తేల్చింది. ఆమెను తిరిగి ఇండోర్‌కి పంపి, కనీసం ఒక ఏడాది అక్కడే ఉంచాలని, ఖర్చుల కింద 50,000 రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఆ బ్యాంకు అంతర్గత కమిటీలో స్వతంత్ర సభ్యురాలిగా కూర్చున్నామె అదే బ్యాంకు ప్యానెల్ లాయరు. నాలాంటి బయటి సభ్యులందరూ ఈ సంగతి మర్చిపోకూడదు.

ఒకచోట కదలమని అడుగుతున్న స్త్రీని కదలనివ్వలేదు. ఇంకోచోట కదలనన్న స్త్రీని బలవంతంగా కదిపారు. చూడ్డానికి రెండూ ఎదురెదురు సంగతుల్లా ఉంటాయి. రెండింటిలోనూ ఆమె ఎక్కడ పనిచేయాలో తేల్చింది ఆమె మాట కాదు. మనం పోరాడాల్సింది బదిలీ కోసమూ కాదు, బదిలీకి వ్యతిరేకంగానూ కాదు. ఆ మాట ఎవరిదన్న దాని కోసం.

అసలు మారడానికి ఇంకో టీమే లేనివాళ్ళున్నారు. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలకి ఒకటే కౌంటరు, ఒకడే యజమాని. వనస్థలిపురం ఇళ్ళలో అంట్లు తోమే మనిషిని ఎక్కడికి మారుస్తారు? పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినచోట, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలి. ఇంటిపని చేసే స్త్రీ విషయంలో ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే ఆ కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకి పంపాలి. రంగారెడ్డి కలెక్టరేట్ 2022లో కొంగరకలాన్‌కి మారింది. ఒకరోజు కూలీ వదులుకుంటే తప్ప అక్కడికి పోలేరు. అందుకే ప్రతి మండలంలో, పట్టణంలో ప్రతి వార్డులో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఉండాలని చట్టం చెబుతోంది. మీ మండలంలో ఆ అధికారి ఎవరో మీకు తెలుసా? ఇది చదివాక వెళ్ళి అడగండి. జవాబు రాకపోతే రాతపూర్వకంగా అడగండి.

ఈ విషయం మా సంఘంలో చర్చకి పెట్టినప్పుడు రెండు అభ్యంతరాలొచ్చాయి. మొదటిది కంపెనీల తరఫున వినపడేదే. ఎవరు ఎప్పుడంటే అప్పుడు మారతామంటే పని ఎలా నడుస్తుంది? న్యాయమైన ప్రశ్న. కానీ అదే మనిషి రాజీనామా ఇస్తే నోటీసు కాలం అయ్యాక కంపెనీ వదిలిపెడుతుంది కదా. కంపెనీ నుంచే వెళ్ళిపోయే మనిషికి ఒక తేదీ దొరుకుతున్నప్పుడు, కంపెనీలోనే ఉంటానంటున్న మనిషికి ఎందుకు దొరకదు? రెండో అభ్యంతరం మా స్నేహితురాలిది. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే. "ఇట్లా ఒక్కొక్కరూ చప్పుడు చేయకుండా తప్పుకుంటే ఆ కుర్చీ కింద రేపు ఇంకో పిల్ల కూర్చుంటుంది. మనం వాడికి సాయం చేసినట్టు కాదా?" అంది. నిజమే. ఫిర్యాదు వచ్చాక విచారణ బదులు బదిలీ చేసి చేతులు దులుపుకోవడాన్ని మనం ఒప్పుకోకూడదు. కానీ ఫిర్యాదు చేయలేని అమ్మాయిని, తర్వాతి అమ్మాయిని కాపాడే బాధ్యతతో అక్కడే కట్టేయడం కూడా న్యాయం కాదు. సంసారాన్ని భరించు, పిల్లల కోసం భరించు అన్నవాళ్ళని ప్రశ్నించిన మనం, ఉద్యమం కోసం భరించు అని ఎలా అంటాం? ఆమె ముందు బయటపడాలి. బయటపడి నిలదొక్కుకున్న మనిషికి నోరు విప్పే ధైర్యం వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఫిర్యాదు గడువు పెంచమని అడగడం, టీమ్ మారే హక్కు అడగడం ఒకటే పోరాటం.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ఒకటి, ఒక టీమ్‌లో నిర్ణీత కాలం పనిచేసిన ఎవరైనా, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా, కారణం చెప్పకుండా మార్పు కోరే వీలుండాలి. రెండు, 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. ఇప్పటి మేనేజరు ఎప్పుడు వదలాలో తేదీ చెప్పవచ్చు గానీ వదలనని చెప్పే అధికారం ఉండకూడదు. మూడు, మారాలని కోరిన మనిషికి ఆ ఏడాది మార్కులు వేసే పని వేరేవాళ్ళు చేయాలి. నాలుగు, ఫిర్యాదు ఉన్నచోట ముందు అతణ్ణి కదిపే సంగతి ఆలోచించాలి, రెండు దారులూ ఆమెకి వివరించామని కమిటీ కాగితం మీద రాయాలి. అయిదు, కమిటీ వార్షిక నివేదికలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఏ చర్య తీసుకున్నారో ఇప్పుడు రాస్తున్నారు. ఎవరు కదిలారు, ఏడాది తర్వాత ఆమె ఉద్యోగంలో ఉందా లేదా అన్నది కూడా రాయాలి. ఈ అయిదింటిలో నాలుగోదానికి కొత్త చట్టం అక్కర్లేదు. కమిటీల్లో కూర్చున్న మనలాంటివాళ్ళు రేపటినుంచే చేయవచ్చు.

ఆ అమ్మాయి మెయిల్ రెండు రకాలుగా రాశాం. ఒకదాంట్లో ప్రయాణం గురించి, పని వేళల గురించి ఉంది. రెండోదాంట్లో జరిగినవన్నీ తేదీలతో సహా ఉన్నాయి. ఆమె మొదటిది పంపింది. ప్రస్తుతానికి రిలీజ్ సాధ్యం కాదని రెండు వాక్యాల జవాబొచ్చింది. రెండోది తన సొంత మెయిల్‌లో దాచుకుంది. ఫోన్‌లో వచ్చిన మెసేజీలు, కాల్స్ వివరాలు కూడా దాచుకొమ్మని చెప్పాను. చివరి సంఘటన తేదీ ఒక కాగితం మీద రాసి, దానికింద మూడు నెలలు ఎప్పుడు పూర్తవుతాయో రాసిచ్చాను. పంపమని నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. పంపితే వెంట ఉంటానని మాత్రం చెప్పాను. పోయిన ఆదివారం వచ్చినప్పుడు ఆ కాగితం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే రాయండి. కదలమని అడిగి కదలలేకపోయినవాళ్ళు, కదలనని చెప్పినా కదిలించబడినవాళ్ళు, కమిటీల్లో కూర్చుని నాలాగే సంతకాలు చేసినవాళ్ళు కూడా రాయండి. పేరు వేయం.